సిస్టర్ నేర్పిన లెక్క

మా చెల్లెలు పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్లీ పరీక్షకు కట్టలేదు. అదే చెల్లెలు ఇప్పుడు రక్తపరీక్ష కాగితం చేతికిస్తే పెన్ను అడక్కుండా చెప్పేస్తుంది. ‘‘తెల్లకణాలు 1800. అందులో న్యూట్రోఫిల్స్ 20 శాతం. అంటే 360. అయిదొందల లోపే ఉందక్కా, ఇవాళ ఎవర్నీ ఇంటికి రావద్దని చెప్పు.’’

ఈ లెక్క దానికి నేర్పింది ఏ మాస్టారూ కాదు. హైదరాబాద్‌లో పిల్లల బ్లడ్ క్యాన్సర్ వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఒక స్టాఫ్ నర్సు. ఖాళీ అయిన మందు డబ్బా చింపి, లోపలి తెల్ల అట్ట మీద బాల్ పెన్నుతో వేసి చూపించింది. మొత్తం తెల్లకణాలు ఎన్ని, అందులో సూక్ష్మక్రిములతో ముందుగా పోరాడే న్యూట్రోఫిల్స్ ఎంత శాతం, ఆ శాతం లెక్క కడితే ఎన్ని తేలాయి, అదే కౌంట్. అది 500 కన్నా తగ్గితే ఒంటికి కాపలా లేనట్టే. ‘‘గడప దగ్గర మనిషి లేని ఇల్లనుకోమ్మా’’ అంది. ఆ అట్టముక్క ఇవాళ్టికీ మా చెల్లెలి బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం పక్కన ఉంది.

వాళ్లది భీమవరం దగ్గర పల్లె. పాపకు అప్పుడు అయిదేళ్లు. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది. కాళ్లు నొప్పులని రాత్రిళ్లు ఏడ్చేది. ఆటల్లో తగిలాయనుకున్న నల్లమచ్చలు తగలని చోట కూడా కనిపించాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ నడుం కింద సూది వేశాడు. మర్నాటికి ఆ చోటు నిమ్మకాయంత లేచి నల్లబడింది. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒంట్లో కండకు వేసిన సూది లోపలే నెత్తురు చిమ్మిస్తుందని మాకేం తెలుసు? రక్తపరీక్ష, ఆ తర్వాత తుంటి ఎముక లోంచి మూలుగ తీసి చూసే పరీక్ష అయ్యాక రోగం పేరు తేలింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లన్నింటిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే.

డాక్టరుగారు ఓపిగ్గా ఇరవై నిమిషాలు చెప్పారు. ఏ లోపమూ లేదు ఆయన చెప్పడంలో. మా చెల్లెలికి మాత్రం ఒక్క మాటే వినిపించింది. గది బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. అప్పుడు వచ్చింది సిస్టర్. అరగంట తర్వాత, పాపకి సెలైన్ పెట్టి, చెల్లెలి పక్కన బెంచీ మీద కూర్చుని, ‘‘ఏమర్థమైందో చెప్పమ్మా’’ అనడిగింది. మాకేం చెప్పలేదు, మమ్మల్నే అడిగింది. అర్థం కానిది ఎక్కడ ఆగిందో చూసుకుని అక్కణ్నుంచి మొదలుపెట్టింది. అంతా ఒకేసారి చెప్పలేదు. మొదటిరోజు రెండే మాటలు: ఇది అంటురోగం కాదు, మీరు చేసిన తప్పు వల్ల వచ్చింది కాదు. చికిత్స రెండున్నర మూడేళ్లు సాగుతుందన్న సంగతి మూడో రోజున గానీ చెప్పలేదు.

ఏడు నెలలు ఆ వార్డులో విడతలు విడతలుగా రాత్రిళ్లు కాపలా ఉన్నాను నేను. నర్సంటే సూది వేసే మనిషనే ఊహతో వెళ్లాను. రోగం చూసుకునే విద్యను రోగి ఇంటివాళ్ల చేతికి అందించే మనిషని అక్కడ తెలిసింది. మూడేళ్ల వైద్యంలో ఆసుపత్రి మంచం మీద గడిచే రోజులు కొన్నే. మిగతావన్నీ ఇంట్లో, అమ్మ చేతిలో గడవాలి.

ఆ వార్డులో ఒక పద్ధతి ఉంది. మందు ఎక్కించే ముందు ఇద్దరు సిస్టర్లు మంచం పక్కన నిలబడతారు. ఒకరు చీటీ చదువుతారు, ఇంకొకరు సంచి మీది రాత చదువుతారు. పేరు, వయసు, నంబరు, మందు, మోతాదు. చివరికి తల్లి వైపు తిరిగి ‘‘పాప పేరు చెప్పమ్మా’’ అంటారు. నెల రోజులుగా చంకనేసుకు తిప్పిన పిల్ల పేరు మళ్లీ అడుగుతారేమిటని మా చెల్లెలికి మొదట్లో మనసు కష్టపడింది. వింక్రిస్టిన్ గురించి తెలిశాక ఇక తనే ముందుగా గట్టిగా చెప్పేది.

వింక్రిస్టిన్ మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందు. రక్తనాళంలోకి ఎక్కిస్తే ప్రాణం నిలబెడుతుంది. రక్తనాళం దాటి చర్మం కింద కారితే కండ కాలిపోతుంది. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే తీస్తుంది. ఈ పిల్లలకి వెన్నులోకి ఎక్కించే మందు వేరే ఉంటుంది, అందుకే అంత భయం. రెండూ ఒకే సిరంజిలా కనిపించకూడదని వింక్రిస్టిన్‌ని చిన్న సెలైన్ సంచిలో కలిపి ఎక్కించడం మంచి పద్ధతిగా స్థిరపడింది. ఎక్కుతున్నంతసేపూ సిస్టర్ కళ్లు సంచి మీద ఉండవు, పిల్ల చేతి మీద ఉంటాయి. ఎర్రబడిందా, ఉబ్బిందా, పిల్ల చెయ్యి లాక్కుందా? ఎర్ర రంగులో ఉండే డానోరూబిసిన్ ఎక్కించిన రోజైతే, ‘‘ఇవాళ పాప ఎర్రగా పోస్తుంది, నెత్తురనుకుని బెదిరిపోకండి’’ అని ముందే చెప్పేది. ఆ ముందు మాట లేకపోతే ఆ రాత్రి మా ఇంటి ఆడవాళ్లందరికీ గుండె ఆగేది.

వెన్నులోకి ఎక్కించే మందు పేరు మెథోట్రెక్సేట్. ఆ పేరు విన్నప్పుడల్లా నాకొక ఊహ కదిలేది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకి సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే మందులను తయారుచేసింది ఆ బృందమే. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ల్యుకేమియా పిల్లలకిచ్చి చూశారు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలమైనా రోగం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకి చెల్లెలు లాంటిది. ఆయన పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో పుట్టిన పిల్ల వెన్నులోకి మెథోట్రెక్సేట్ వెళ్తుంటే, పిల్లని విల్లులా వంచి, తలని గుండెకి హత్తుకుని, కదలకుండా పట్టుకున్నది మాత్రం ఒక సిస్టర్. ‘‘పిల్లీ, నీ తోక ఎక్కడా’’ అంటూ చెవిలో ఏదో కథ చెప్పేది. ఫార్బర్ వార్డులోనూ ఎవరో ఒకామె ఇలాగే పట్టుకునే ఉంటుంది. వైద్య చరిత్రలు సూది పట్టిన చేతినే రాసుకుంటాయి. పిల్లని పట్టుకున్న చేతుల గురించి కూడా రాసి ఉండవలసింది.

మందు మొదలైన రెండో వారానికి జుట్టు రాలడం మొదలైంది. దిండు నిండా వెంట్రుకలు. మా అమ్మ ఆ దిండు గలీబు దాచేయబోయింది. సిస్టర్ వద్దంది. పాపని కూర్చోబెట్టి, ‘‘నువ్వు తిరుపతి వెళ్లావా ఎప్పుడైనా? అక్కడ అందరూ గుండ్లే. నీకు ఇక్కడే చేయిద్దామా?’’ అంది. పాప సరేనంది. ఊరికి వెళ్లాక అడిగినవాళ్లకి తిరుపతి మొక్కని చెప్పుకున్నాం. అది అబద్ధం కాదనే ఇప్పటికీ అనుకుంటాను, మొక్కు మొక్కుకున్న మాట నిజమే కదా.

రోగం పేరు పిల్లకి చెప్పాలా వద్దా అన్న దగ్గర మా ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. మా మరిదిగారు ‘‘బ్లడ్‌లో ఇన్‌ఫెక్షన్’’ అనే మాట దాటనివ్వలేదు. సిస్టర్ ఆయనతో వాదించలేదు. పాపకి మాత్రం బొమ్మ వేసి చూపించింది. ఒంట్లో కణాలు తయారయ్యే కార్ఖానా ఎముకల్లో ఉందనీ, అందులో కొన్ని పనికిమాలినవి తయారై మంచివాటికి చోటు లేకుండా చేస్తున్నాయనీ, ఈ మందు వాటిని తరిమేస్తోందనీ. దీనిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ రోజు నుంచి పాప మందు ఎక్కుతుంటే ‘‘తరుముతోందా?’’ అని అడిగేది.

స్టెరాయిడ్ ఇచ్చిన నెలంతా ఆకలి. రాత్రి రెండింటికి లేచి ఉప్మా అనేది. పెట్టకపోతే గిన్నెలు విసిరేది. అంత నెమ్మదైన పిల్ల ఇలా అయిపోయిందేమిటని చెల్లెలు ఏడుస్తుంటే, ‘‘ఇది పాప కాదమ్మా, మాత్ర మాట్లాడుతోంది. నెల పోతే మన పాప మనకొస్తుంది’’ అంది సిస్టర్. కోపం తెచ్చుకోవడానికి పిల్లని కాకుండా మాత్రని చూపించడం ఆ తల్లికి ఎంత ఊరటో చెప్పలేను. తర్వాత నోరంతా పుండ్లు. ఉమ్ము మింగినా మంటే. గోరువెచ్చని ఉప్పునీళ్లతో రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించాలి. పాప నోరు తెరవదు. ఒక సిస్టర్ తనూ గ్లాసు తెచ్చుకుని ఎదురుగా కూర్చుని పుక్కిలించేది, ఎవరిది పెద్ద చప్పుడో అని పందెం వేసి. కొత్తావకాయ కావాలని ఏడిస్తే, ‘‘నీ కౌంట్ వెయ్యి దాటిన రోజున నేనే తెస్తా’’ అని మాటిచ్చింది. పదిహేడు రోజులకి దాటింది. చిన్న స్టీలు డబ్బాలో తెచ్చింది.

ప్లేట్‌లెట్ల వేట వేరే కథ. ఎర్రకణాలైతే బ్లడ్ బ్యాంకులో నెలకి పైగా నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు గది ఉష్ణోగ్రతలో ఆగకుండా ఊగుతూ ఉండాలి, అలా ఉంచినా అయిదు రోజులే. కాబట్టి ఎప్పటికప్పుడు దాతలు కావాలి. పల్లెటూరి మనిషికి హైదరాబాద్‌లో ఎవరు తెలుసు? ఏ రోజుకి పడిపోతాయో సిస్టర్లకి అంచనా ఉంటుంది. ‘‘గురువారానికి ఇద్దర్ని చూసి పెట్టుకోండి’’ అని సోమవారమే చెప్పేవారు. ఈ మధ్యలో ఎవరో బొప్పాయి ఆకు రసం సీసాతో వచ్చారు. ఆ సీసాని విసిరికొట్టకుండా, తెచ్చిన పెద్దాయన్ని నొప్పించకుండా, ‘‘తాతగారూ, డెంగీకి తాగుతారు కదా ఇది. పాప మూలుగలోనే తయారీ ఆగింది, పైనుంచి రసం పోస్తే రాదు. కడుపులోకి పచ్చిది వెళ్తే ప్రమాదం కూడా’’ అని చెప్పి పంపింది. ఆ తాతగారే తర్వాత ఊళ్లోంచి ముగ్గురు కుర్రాళ్లని రక్తానికి తీసుకొచ్చాడు.

మగవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. పిల్లల వార్డులో రాత్రి తల్లో, ఆమె బదులు ఇంకో ఆడమనిషో ఒక్కరే ఉండాలి. తండ్రులు బయట వసారాలో, మెట్ల మీద, కొందరు ఫుట్‌పాత్ మీద. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదింటి పిల్లలకి కీమో ఖర్చు చాలావరకు గట్టెక్కింది. పోయే కూలీ, బస్సు చార్జీలు, ఊళ్లో వదిలేసిన పెద్దపిల్ల బెంగ, ఇవి ఏ కార్డులోకీ రావు. మా మరిదిగారు ఎకరం తాకట్టు పెట్టిన సంగతి మాకంటే ముందు హెడ్ సిస్టర్‌కి తెలిసింది. ఆమె రోజూ ఆయన్ని పిలిచి అయిదు నిమిషాలు పాప పక్కన కూర్చోనిచ్చేది. ఆయన అక్కడే మొదటిసారి ఏడ్చాడని చెల్లెలు చెప్పింది.

మొదటి నెల దాటాక మూలుగ పరీక్షలో రోగం కనబడలేదు. అసలు గండం అక్కడుందని సిస్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. పిల్ల తేరుకుంటుంది, అన్నం తింటుంది, పరుగెడుతుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకు ఈ విషం’ అని కొందరు తిరిగిరారు. కంటికి కనబడకుండా కోట్ల కణాలు లోపల దాగి ఉండొచ్చు. చికిత్స మధ్యలో మానేసిన పిల్లలకి రోగం తిరగబెడితే రెండోసారి అదుపు చేయడం చాలా కష్టం. మన దేశంలో ఈ పిల్లల్ని పోగొట్టుకోవడానికి ఇన్‌ఫెక్షన్లూ, ఆలస్యంగా రావడమూ లాగే, ఇలా మధ్యలో ఆగిపోవడమూ ఒక పెద్ద కారణం. అందుకే ఆ వార్డులో ఒక రిజిస్టరుంది. తేదీకి రాని పిల్లల పేర్ల కింద ఎర్ర గీత. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే ఒక సిస్టర్ ఆ గీతల వరస ఫోన్లు చేస్తుంది. మిరప కోతలని చెప్పేవాళ్లు, పెళ్లని చెప్పేవాళ్లు, ఎత్తనివాళ్లు. ఎత్తకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు సంపాదిస్తుంది. ఇది ఆమె ఉద్యోగంలో రాసి లేదు. ఒక్క ఫోను తగిలి ఒక పిల్ల వెనక్కి వస్తే ఏ ఖరీదైన మందు కన్నా అదెక్కువ పని చేసినట్టే.

ఇంటికి పంపేముందు రెండు రోజులు పాఠం. థర్మామీటరు ఎలా పెట్టాలి? 100.4 చూపిస్తే ఏం చేయాలి? ముందు పారాసిటమాల్ వేసేయకూడదు, జ్వరాన్ని అణిచేస్తే అసలు సంగతి దాగిపోతుంది. కౌంట్ లేని ఒంటికి జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగడానికి లేదు. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. హైదరాబాద్ రావడానికి రాత్రంతా పడుతుంది కాబట్టి దగ్గరి ఆసుపత్రిలో చూపించడానికి ఒక చీటీ. రోగం, చివరి కీమో తేదీ, ఏ మందు ఎంత ఎక్కించాలి, వార్డు ఫోను. కండకి సూది వద్దని ఎర్ర సిరాతో రాసింది. కీమో అయిన రెండు రోజులూ పాప వాంతి, మూత్రం ఎత్తేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి, ఆ మందు వాటిలోనూ వస్తుంది. చివరికి, వారానికి ఒక్కరోజే వేయాల్సిన మెథోట్రెక్సేట్ మాత్ర. రోజూ వేసేస్తే అది ప్రాణాంతకం. చెల్లెలి ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ తెప్పించి, శుక్రవారాలన్నింటి మీద చుక్కలు పెట్టించింది. ‘‘శుక్రవారం తలంటు, శుక్రవారం మాత్ర’’ అని గుర్తు. జుట్టే లేని పిల్లకి తలంటా అని పాప కిలకిలా నవ్వింది.

పెద్దవాళ్ల బ్లడ్ క్యాన్సర్ వార్డు వేరు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాకి 2001లో వచ్చిన ఇమాటినిబ్ వల్ల ప్రాణాంతకమైన జబ్బు రోజూ ఒక మాత్రతో బతకగలిగిన జబ్బయింది. 2013లో సుప్రీంకోర్టు ఆ మందు పేటెంటును తిరస్కరించాక మన దేశంలో చవక మాత్రలకి ఇక అడ్డు లేకుండా పోయింది. బాగున్నాం కదా అని మాత్ర మానేసేవాళ్లని వెంటపడి పట్టుకోవడం అక్కడి నర్సుల పని. మూలుగ మార్పిడి గదులు ఇంకో లోకం. ముంబయి టాటా ఆసుపత్రిలో 1983లోనూ, వేలూరు సీఎంసీలో 1986లోనూ ఇవి మొదలయ్యాయి. తెలుగువాళ్లు ఇప్పటికీ మూటాముల్లె సర్దుకుని వేలూరు వెళ్తూనే ఉంటారు. తోబుట్టువు మూలుగ సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతు. సరిపడి, గదిలోకి వెళ్లాక వారాల తరబడి ఆ రోగి దగ్గరికి రోజంతా వచ్చి పోయే ముఖం సిస్టర్‌దే. అదీ మాస్కు వెనక, కళ్లు మాత్రమే.

అందరూ ఇంటికి రారు. మా పక్క మంచం బాబుకి పదకొండేళ్లు. రోగం రెండోసారి తిరగబెట్టింది. ఇక మందులు పనిచేయవని తేలాక వాళ్లని ఎటూ తోసేయలేదు. మంచం కిటికీ పక్కకి మార్చారు, వాళ్ల నాయనమ్మని కూడా లోపలికి రానిచ్చారు. మార్ఫిన్ సమయం తప్పనివ్వలేదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ నెలకొల్పిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సుగా శిక్షణ పొందిన మనిషి. నొప్పి ఒంటికే కాదు, మనసుకీ, ఇంటికీ ఉంటుందని ఆవిడ గుర్తించడం వెనక ఆ నర్సు కళ్లు ఉన్నాయని నా నమ్మకం. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రిలోనూ నొప్పి తగ్గించే విభాగం ప్రత్యేకంగా ఉంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉండాలి అలాంటిది. ఆ బాబు తెల్లవారుజామున పోయాడు. సిస్టర్ వాడికి ఒళ్లు తుడిచి, ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వింది. వాళ్లమ్మ పట్టుకున్న చెయ్యి విడిపించుకోకుండా చాలాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ కనిపించింది. పది నిమిషాల్లో మా పాప మంచం దగ్గర ఉంది, ‘‘పాప పేరు చెప్పమ్మా’’ అంటూ. గొంతులో తేడా మా చెల్లెలికి తెలిసింది. ఆ రోజు పేరు చాలా మెల్లగా చెప్పింది.

ఈ సిస్టర్ల కోసం ఎవరు బెంచీ మీద కూర్చుంటారు? బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. నేను చూసిన రాత్రిళ్లు ఇరవై పైచిలుకు మంచాలకి ఇద్దరు. అందులో ఒకరు కాంట్రాక్టు మీద, జీతం ఎప్పుడొస్తుందో తెలియని ఉద్యోగం. కీమో మందు చేతి మీద పడితే ప్రమాదం కనుక గౌను, రెండు జతల గ్లవ్స్ ఉండాలి. గ్లవ్స్ పొదుపు చేయమన్న రోజులు నేను చూశాను. ఇంకా పెద్ద నష్టం ఒకటుంది. మూడేళ్లు ఈ వార్డులో పని నేర్చి, పిల్ల ముఖం చూసి కౌంట్ పడిందని చెప్పగలిగే సిస్టర్‌ని హఠాత్తుగా కంటి వార్డుకో, ఎముకల వార్డుకో మార్చేస్తారు. ఆమె చేతిలోని విద్య ఆమెతోపాటు వెళ్లిపోతుంది. క్యాన్సర్ నర్సింగ్‌లో ప్రత్యేక డిప్లొమా ఉంది. అది చదివినవాళ్లని అక్కడే ఉంచి, జీతం పెంచి, పర్మనెంట్ చేస్తే తప్ప వాళ్లు జర్మనీకో గల్ఫ్‌కో వెళ్లిపోతుంటే ఆపే హక్కు మనకి లేదు. అడగవలసిన వాళ్లం మనమే, వాళ్ల చేతుల్లో పిల్లల్ని పెట్టి ఇంటికి తెచ్చుకున్నవాళ్లం.

పాపకి మందులు ఆపేసి ఏడాదిన్నర అయింది. మూడో తరగతి. జడ భుజాలు దాటింది. మొన్న వేసవిలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. రాత్రి ఒంటిగంటన్నరకి దాని ఫోన్ మోగింది. తణుకు దగ్గరి పల్లె నుంచి ఎవరో ఒకమ్మాయి. నాలుగేళ్ల కొడుకట, నంబరు వార్డులోని సిస్టరే ఇచ్చిందట. అవతల నుంచి ఏడుపు నాకూ వినిపిస్తోంది. చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. గొంతు నిదానంగా ఉంది, ఆ గొంతు నాకు బాగా తెలుసు. ‘‘ఎంత చూపించింది?... వణుకుందా?... చివరి కీమో ఏ రోజు?... మొన్నటి కాగితం తీసి చదువు. తెల్లకణాలెన్ని?... న్యూట్రోఫిల్స్ అన్న చోట?’’ రెండు క్షణాలు ఆగింది. ‘‘210. మాత్ర వెయ్యకు. ఎర్ర సిరాతో రాసిన చీటీ ఉంటుంది చూడు, అది పట్టుకుని తణుకు ఆసుపత్రికి ఇప్పుడే బయల్దేరు. మీ ఆయన్ని బండి తియ్యమను. నేను మేలుకునే ఉంటాను.’’

లైటు తియ్యకుండా, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మూడూ పదికి మెసేజ్ వచ్చింది, మందు ఎక్కుతోందని.